సూదమ్మ సీటు

ఆషాఢ మాసం, ఆదివారం సాయంత్రం. తిరుపతిలో మా ఇంటి వరండా. ఉన్నవారు: నేను, మా అల్లుడు, చంద్రగిరి నుంచి వచ్చిన మా అక్క, ఆమె మనవరాలు.

ఏ రోజు డైరీ రాసినా ముందు ఆ పూట ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు అలవాటు, పదవీ విరమణ తర్వాత కూడా అది వదల్లేదు. ఆ సాయంత్రం మనవరాలు తన సెల్‌ఫోనులో బెంగళూరు పటం తెరిచి, ఉండబోయే చోటు నుంచి ఆఫీసు దాకా బండ్ల రద్దీకి ఎర్రగా మెరుస్తున్న దారిని మా అందరికీ చూపించి, రోజూ ఈ ఎరుపు దాటి చేరేసరికి పని చేసే ఓపిక ఏం మిగులుతుందని ఆ ఉద్యోగం వద్దనేశానని చెప్పింది. దారి దూరమని మంచి జీతం వదులుకునేవాళ్లను ఎక్కడా చూడలేదని మా అల్లుడు నవ్వినాడు. మా అక్క మాత్రం కళ్లద్దాలు సవరించుకుని ఆ ఎర్రగీతను చాలాసేపు చూసి, “మా కాలంలో ఇది ఫోన్లో కనపడేది కాదబ్బాయా, పోయి నిలబడి సూసుకోవాల్సి వచ్చేది” అంది. అల్లుడికి అర్థం కాలేదు, నాకు మాత్రం అర్థమైంది. నా తరంవారికి ఆ కథ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. మద్రాసుకు చెన్నై అని కొత్త పేరు పెట్టినా మా నోళ్లకు ఇంకా మద్రాసే. మా అక్క చంద్రగిరిలో కాపురం ఉంటూ చిత్తూరులో ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసేది. జ్వరంతోనో విరేచనాలతోనో వడలిపోయిన పసిబిడ్డలకు సెలైన్ ఎక్కించాలంటే నరం దొరకడం ఎంత కష్టమో ఆ బిడ్డల తల్లులకే తెలుస్తుంది. అక్క ఆ చిట్టిచేతిని తన అరచేతిలో పెట్టుకుని, కాసేపు ఊరికే నిమిరి, ఒక్కసారే పొడిచేది. రెండోసారి పొడవాల్సి వచ్చిన రోజు ఇంటికి వచ్చి అన్నం సరిగా తినేది కాదు.

తిరుపతి నుంచి వచ్చే చిత్తూరు బస్సు చంద్రగిరి చేరేసరికే నిండిపోయి ఉండేది. అయినా అక్క ఎక్కగానే కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీ అయ్యేది. ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, పసిబిడ్డలకు సూది వేసే చెయ్యి పైకడ్డీ పట్టుకుని వేలాడకూడదని ఆ బస్సులో రోజూ తిరిగేవాళ్లంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. ఆమె పేరు ఎవరికీ తెలియదు, అందరికీ సూదమ్మే. ఒకరోజు నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. కండక్టరు వెనక్కి తిరిగి, “ఎవురబ్బా ఆ సీట్లో? లెయ్యి లెయ్యి, సూదమ్మ ఎక్కతా ఉండాది” అని కేకేసినాడు. సీట్లో ఉన్న కొత్త కుర్రవాడు, “ఏం, సీటు మీద ఆయమ్మ పేరు రాసిండాదా?” అని ఎదురు తిరిగినాడు. వెనక సీటులోని ముసలమ్మ ఒకామె అతని వీపు మీద తట్టి, “ఇప్పుడు రాయలేదులే నాయనా, నీకు పెళ్లై బిడ్డ పుడితే నువ్వే వచ్చి రాస్తావు” అంది. బస్సంతా నవ్వింది, కుర్రవాడూ నవ్వుతూ లేచినాడు. అక్క రోజూ కిటికీకి తల ఆనించి చిత్తూరు పొలిమేర దాకా నిద్రపోయేది. ఊరు రాగానే ఎవరో ఒకరు లేపేవారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ అంతే.

మా బావ లారీ డ్రైవరు. నడుము దెబ్బతిని లారీ దిగిన తర్వాత ఆ ఇంటికి అక్క జీతం ఒక్కటే ఆధారమైంది. ఇద్దరు పిల్లల చదువులు, బావ వైద్యం, అన్నీ దాని మీదనే. అలాంటి సమయంలో మద్రాసులో ఒక పెద్ద ఆసుపత్రివారు అక్క పనితనం విని పిలిపించి, ఇక్కడి జీతానికి రెండింతలు ఇస్తామన్నారు. బావ ముఖంలో ఎన్నాళ్లకో వెలుగు చూశాను. అక్కడైతే తన నడుముకూ మంచి వైద్యం దొరుకుతుందని ఆయన ఆశ. నేనూ చేరమనే చెప్పాను. అక్క మాత్రం, ఆసుపత్రి చూస్తే చాలదు, దారి కూడా చూడాలంది. వాళ్లకు అందే అద్దెలో ఇల్లు దొరికేది మద్రాసుకు ఒక కొసన ఆవడి అవతల, ఆసుపత్రేమో ఇంకో కొసన అడయారు వైపు. అందుకని ముందురోజే పోయి ఆవడిలో మా పెదనాయన కొడుకు ఇంట్లో దిగి, మరునాడు నిజంగా డ్యూటీకి పోయినట్టే పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం.

మన బస్టాండుల్లో బస్సు రాగానే కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకోవడం అందరికీ తెలిసిన పద్ధతే కదా. అక్క అదే అలవాటున, వచ్చిన బస్సు కిటికీలోంచి తన రుమాలు వేసి, ద్వారం వైపు తిరిగింది. బస్సు ఆగినట్టే ఆగి, మేము ఎక్కకముందే రుమాలుతో సహా వెళ్లిపోయింది. నేను నోరు తెరుచుకుని నిలబడితే అక్క కడుపు పట్టుకుని నవ్వి, “మనం పోకపోయినా రుమాలు టయానికి డ్యూటీలో చేరతాది లేరా” అంది.

ఆ తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. తర్వాతి బస్సులో ఇద్దరం కడ్డీకి వేలాడాం. ప్రతి కూడలిలోనూ బస్సు ఆగిపోయేది. ఇంజను వేడి, లారీల పొగ, ముందు స్కూటర్లు, పక్కన ఆటోలు. మన చంద్రగిరి నుంచి చిత్తూరు దూరంలో సగం కూడా లేని దారికి, దానికంటే ఎక్కువ సేపు పట్టింది. దిగి, ఆసుపత్రి ఎదుట టీ కొట్టులో గ్లాసు అందుకోగానే అక్క చేతిలోని టీ తొణికి వేళ్ల మీద పడింది. గ్లాసు పక్కన పెట్టి, కుడిచేయి నా ముందు చాపింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

“సూడు తమ్ముడా. ఈ చేత్తో పసిబిడ్డ నరం యాడని యెతకాల?”

కొన్నాళ్లకు అలవాటైపోతుందన్నాను. జీతం సంగతీ, బావ సంగతీ గుర్తుచేశాను.

“నాకు అలవాటయ్యే లోపల ఎందరు బిడ్డల్ని రెండోసారి పొడవాల చెప్పు” అంది.

నేను టీ డబ్బులు ఇచ్చాను. అక్క చెయ్యి కడుక్కుని, లోపలికి పోయి, పిలిచినందుకు వారికి దండం పెట్టి, రాలేనని స్వయంగా చెప్పి వచ్చింది. నేను జీవితంలో ఎందరో అధికారుల నిర్ణయాలు చూశాను. తనకు ఎంత వస్తుందని కాక, తన చేతి కిందికి వచ్చేవారికి ఏమవుతుందని లెక్క వేసి ఉద్యోగం ఎంచుకున్న మనిషిని మాత్రం ఆమెనే చూశాను.

సాయంత్రానికి చంద్రగిరి చేరాం. విషయం విని బావ నడుము పట్టుకుని మంచం మీద ఒరిగినాడు. “ఐతే మళ్లా ఆ చిత్తూరు బస్సేనా?” అని మాత్రం అడిగినాడు. అక్క అవునని తలూపింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండింతల జీతం చేజారిన ఇంట్లో నా మాట ఏదీ పనికిరాదని నేను వీధి అరుగు మీద చాప వేసుకున్నాను.

ఇప్పుడు చిత్తూరు దారి వెడల్పయింది, బస్సులు ఆగకుండా పరుగెత్తుతున్నాయి, ముందే సీటు నంబరు ఫోనులోకి వచ్చేస్తుంది. సుఖమే, కాదనను. కానీ పక్క సీటులో ఉన్న మనిషి చేతులు ఏ పని చేస్తాయో ఎవరికీ తెలియదు, తెలుసుకునేంత సేపు ఎవరూ తల ఎత్తరు. నగరాల్లో మనుషులు దారిలో పోగొట్టుకునేది కాలం ఒక్కటే అనుకుంటాం. పని దగ్గరికి చేరేసరికి పనితనం ఎంత మిగులుతుందో ఎవరూ అడగరు. మా మనవరాలు అడిగింది, అందుకే ఆ పిల్లంటే నాకు గౌరవం.

మేము మద్రాసు నుంచి తిరిగొచ్చిన మరునాటి ఉదయం, అరుగు మీద నాకు కిరోసిన్ వాసనకు మెలకువ వచ్చింది. అక్క లేచి వంట మొదలుపెట్టిందనుకుని లోపలికి పోయాను. అక్క ఇంకా గాఢనిద్రలో ఉంది. వంటింట్లో, జన్మలో ఎన్నడూ పొయ్యి ముందుకు రాని మా బావ, నిలబడితే నడుము సహకరించదని పీట మీద కూర్చుని, స్టవ్వు మీద ఉప్మా కలుపుతున్నాడు. అదంతా ఉండలు కట్టి ఉంది. పక్కనే అక్క టిఫిన్ క్యారియరు కడిగి బోర్లించి ఉంది. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుని, గుసగుసగా, “లేపబాకప్పా. బస్సుకి ఇంకా టయముండాది, పండుకోనీ” అన్నాడు.