ముందే తెలిసినవాళ్ల పలకలు

మొన్న నగరంలో ఒక బహుమతుల దుకాణంలో, నల్లరాతి పలక మీద లేజరుతో పేర్లు చెక్కే యంత్రం ముందు నిలబడిపోయాను. ఆ కిరణం పరారుణం, కంటికి కనిపించదు. రాయి మీద ఒక చుక్క మాత్రం తెల్లగా వెలిగి, గీతగా సాగి, అక్షరమైంది. దాంతోపాటు వేడెక్కిన రాతిపొడి వాసన లేచింది. ముక్కుకు తగలగానే నాకు మార్కాపురంలోని రేకుల షెడ్డు, రంపం కింద రాయి పెట్టే కేక, కనురెప్పల దాకా బూడిదరంగు దుమ్ముతో నవ్వే సుబ్బరాయుడు మామ గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన గురించి రాయాలని ఎన్నిసార్లో అనుకున్నాను. రాయలేకపోవడానికి నేను సిగ్గుపడే కారణం ఒకటి ఉంది. దాన్ని దాచి రాస్తే ఆయన గురించి రాసినట్టు కాదు.

సుబ్బరాయుడు మామ మాకు చుట్టం కాదు. మా వైపు చుట్టరికం పిలుపుతోనే మొదలవుతుంది. ఆయన పుట్టేనాటికి మా ఊరు కర్నూలు జిల్లా, పలకల కార్ఖానా పెట్టేనాటికి ప్రకాశం. వ్యాపారస్తుల ఇంట పుట్టి, దుకాణం గల్లా మీద కూర్చోవడం చేతకాక, రాళ్ల మధ్యకు వచ్చిపడ్డానని చెప్పేవాడు. మా నాయన ఆయన దగ్గర పలకలకు చెక్క చట్రాలు బిగించే పనివాడు. ఆదివారం రంపాలు ఆగేవి. ఆ రోజు అదే షెడ్డులో చర్చ జరిగేది. ముహూర్తం చూసి చేసిన పెళ్లిళ్లు ఎందుకు చెడుతున్నాయి, పూనకం జబ్బా నటనా, గుడిలోకి అందరూ ఎందుకు రాకూడదు, ఇలాంటివన్నీ. టైలరు, బస్సు కండక్టరు, రిటైరైన పంతులు, ఎవరైనా రావచ్చు, ఎవరినైనా నిలదీయవచ్చు. నేను పదేళ్లప్పటి నుంచి నాయనతో వెళ్లి రాళ్ల దొంతర మీద కూర్చునేదాన్ని. ఆడపిల్లకి ఇక్కడేం పని అని పంతులుగారు ఒకసారి అంటే, "ఆ పిల్ల అడిగే ప్రశ్నకు జవాబు చెప్పి ఆ మాట అను పంతులూ" అన్నాడు మామ. నేనేం అడిగానో గుర్తు లేదు. పంతులుగారు మళ్లీ ఆ మాట అనలేదు, అది మాత్రం గుర్తుంది.

ఆ చర్చలకు ఒక పద్ధతి ఉండేది. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ఒక మూల గుట్టగా ఉండేవి. ఎవరైనా కొత్త సంగతి చెప్పబోతే మామ ముందు సమస్య మాత్రం చెప్పించి, జవాబు ఆపించేవాడు. అందరికీ తలా ఒక పలక ఇచ్చేవాడు. తనకు తోచింది రాసి పలకను బోర్లా పెట్టాలి. అప్పుడు జవాబు చెప్పాలి. ఆ తర్వాత ఎవరైనా "ఇది నాకు ముందే తెలుసు" అంటే, మామ ఒకటే మాట అనేవాడు: "పలక తిప్పు."

దాని పదును నేను మా నాయన విషయంలోనే మొదట చూశాను. ఆ ఏడు ఎండలకు చట్రం చెక్క బిగుసుకుని, పలకలు మూలల దగ్గర చిట్లుతున్నాయి. ఎన్నో పెట్టెలు తిరిగి వచ్చాయి. ఆదివారం మామ సమస్య చెప్పి పలకలు పంచాడు. చెక్క మార్చాలని ఒకరు, మందం పెంచాలని ఒకరు, నూనె పట్టించాలని ఒకరు రాశారు. అందరూ బోర్లా పెట్టాక నాయన లేచి, చట్రంలోకి దూరి కనిపించకుండా పోయే నాలుగు మూలల్నీ గోరంత కొట్టేసిన పలక చూపించాడు. చిట్లడం ఎప్పుడూ కొన దగ్గరే మొదలవుతోంది, కొన లేకుండా చేశాను అన్నాడు. పక్క కార్ఖానా కొండయ్య పకపకా నవ్వాడు.

"ఇదా! ఇది పసిపిల్లోడికైనా తెలుసు గదప్పా! దీనికి ఇంత సభ ఏంది?"

"పలక తిప్పు కొండయ్యా."

"ఏందిలే, ఆట..."

"ఆటే. తిప్పు."

కొండయ్య పలక మీద 'మేకులు ఎక్కువ కొట్టాల' అని ఉంది. షెడ్డంతా గొల్లుమంది. "పసిపిల్లోడికి తెలిసింది నీకు తెలియకపాయ," అన్నాడు మామ, "చెప్పినాక తెలిసిందాన్ని ముందే తెలుసు అనుకోవడం మనందరికీ ఉండే రోగమేలే. నా పలక కూడా చూడు." తన పలకా తిప్పాడు. 'చెక్క నానబెట్టి ఆరబెట్టాల.' నాయన వైపు తిరిగి, "నువ్వు ఇంక బల్ల మీద కూర్చో. రాళ్ల మీద వద్దు," అన్నాడు. మా నాయన బల్ల చివరన, అది విరుగుతుందేమో అన్నట్టు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

అంత మాత్రాన మామ కొత్త అన్నదాన్నల్లా నెత్తిన పెట్టుకునే మనిషి కాదు. ఆయన సొంత బావమరిదే ఒకసారి పలక చట్రం పైభాగాన తీగ కట్టి, లెక్కలకు రంగుపూసలు గుచ్చి తెచ్చి, ఇది నేను కనిపెట్టాను, సభలో నాలుగు మాటలు చెప్పు బావా అన్నాడు. మామ పూసలు అటూ ఇటూ జరిపి చూశాడు. "పూసలు అంతకుముందూ లెక్క పెట్టేవే. పలక అంతకుముందూ రాసుకునేదే. రెండూ ఒకచోట చేరినాయి, దేని పని అది చేసుకుంటా ఉంది. కలిసినందువల్ల కొత్త పని ఏం పుట్టింది, చెప్పు?" బావమరిది వారం రోజులు ఆయన ఇంట్లో అన్నం తినలేదు.

ఇంకో ఆదివారం బేస్తవారిపేట నుంచి ఒక ఉపన్యాసకుడు వచ్చాడు. విమానం, టెలివిజను, అణుబాంబు, అన్నీ మన గ్రంథాల్లో ఎప్పుడో ఉన్నాయని గంటసేపు గర్జించాడు. మామ ఓపిగ్గా విని, ఆయన చేతికీ పలక ఇచ్చాడు. "అయ్యా, వచ్చినవి సరే. ఇంకో పదేళ్లకు రాబోయేది ఒకటి ఆ గ్రంథంలోంచి తీసి ఇందులో రాయండి. నేను బతికుంటే తిప్పి చూస్తా." ఆయన పలక కింద పెట్టేసి, హేళన చేస్తున్నారు అన్నాడు. "హేళన కాదు సామీ. ఎవడో ఒళ్లు హూనం చేసుకుని కనిపెట్టినాక, అది మా తాత జేబులోనే ఉందంటే, ఆ కష్టపడినోడి నోరు కొట్టినట్టు గదా." ఈ దేశంలో ఆ నోరు కొట్టే పని భక్తిగా సాగుతూనే ఉంది. నేను ఆ రకం సభల్లో ఇప్పటికీ కొట్లాడతాను. ఆ కోపం నాకు అబ్బింది ఆ షెడ్డులోనే.

నేను భౌతికశాస్త్రం చదివి, పేటెంటు దరఖాస్తులు పరీక్షించే ఉద్యోగంలో చేరాను. చట్టం కోరేది ఇంతే: ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, ఆ విద్య తెలిసిన మామూలు నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు. మొదటిది తేల్చడం తేలిక. ఇంతకుముందు ఎవరైనా ప్రచురించారా అని వెతికితే చాలు. రెండోదాని దగ్గరే పరీక్షకులు తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే మేం దరఖాస్తు చదివిన తర్వాతే ఆలోచిస్తాం. జవాబు చేతిలో ఉంచుకుని, ఇది తట్టడం కష్టమా అని మమ్మల్ని మేం అడుగుతాం. ఐదేళ్లకే నాకు గట్టి పరీక్షకురాలినని పేరొచ్చింది. నా అభ్యంతరాలకు జవాబు చెప్పుకోలేక వెనక్కి తగ్గినవాళ్లు ఎందరో. ఆ పేరు నాకు బాగుండేది.

అప్పుడు వచ్చింది ఒక చిన్న ఊరి కాలేజీలో పాఠం చెప్పే అధ్యాపకురాలి దరఖాస్తు. ఊపిరిలో అమోనియా ఎంతుందో కొలిచే పరికరం. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే ఒక సూచన అది. మధ్య పరారుణ లేజరు కిరణాన్ని ఊపిరి గుండా పంపితే అమోనియా తనకు సరిపడే తరంగాన్ని మింగుతుంది. ఎంత మింగిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, ఊపిరిలో నీటి ఆవిరి కూడా ఉంటుంది, అది పక్కనే ఇంకో తరంగాన్ని మింగి కొలతను చెడగొడుతుంది. పైగా లేజరు వేడెక్కేకొద్దీ దాని తరంగం కాస్త కాస్త జరిగిపోతుంది. అందుకని అందరూ ముందు ఊపిరిని ఆరబెట్టి కొలిచేవారు. ఆరబెడితే నీటితోపాటు కొంత అమోనియా కూడా పోయేది. ఈమె ఆరబెట్టడం మానేసింది. నీటి ఆవిరి మింగే ఆ చోటునే గుర్తుగా పెట్టుకుని, లేజరు దారి తప్పినప్పుడల్లా దాన్ని చూసి సరిదిద్దింది.

నేను రెండు పాత పత్రాలు వెతికి పట్టాను. ఒకదానిలో ఊపిరిని కొలిచే లేజరు ఉంది. రెండోదానిలో లేజరును సరిదిద్దడానికి, విడిగా ఒక గాజుగొట్టంలో మూసిపెట్టిన వాయువును గుర్తుగా వాడటం ఉంది. రెండూ కలిపితే ఇదే, ఇట్టే తట్టేదే అని అభ్యంతరం రాశాను. రాస్తున్నప్పుడు మామ పూసల తీర్పు గుర్తొచ్చి, ఆయన శిష్యురాలినని మురిసిపోయాను కూడా.

ఆమెకు పేటెంటు ఏజెంటును పెట్టుకునే స్తోమత లేదు. జవాబు తానే రాసుకుంది. "మేడమ్, ఆ రెండు పత్రాలూ నాలుగేళ్లు నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. వాటిని చూస్తూనే నేను నాలుగేళ్లు ఊపిరిని ఆరబెడుతూ కూర్చున్నాను. పేటెంటు వస్తే పరికరం తయారుచేస్తామని ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. రాకపోతే ఇది మా ల్యాబు బీరువాలోనే ఉంటుంది." కష్టపడటం కొత్తదనానికి రుజువు కాదు అనుకున్నాను. చట్టప్రకారం ఆ మాట నిజమే. తిరస్కరించవచ్చని సిఫారసు రాయడానికి సిద్ధపడి, సెలవు పెట్టి ఊరెళ్లాను.

మామ అప్పటికి మంచం పట్టాడు. ముప్పై ఏళ్ల రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. రెండు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకునేవాడు. ఆ దరఖాస్తు అప్పటికే ప్రచురితమైనది కాబట్టి రహస్యమేమీ లేదు. వసారాలో ఆయన పక్కన కూర్చుని గొప్పగా చెప్పాను.

"నీ పూసల తీర్పే ఇచ్చినా మామా."

ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు. "ఆ అమ్మాయి ఏం చేసిందో చదవకముందు... నువ్వయితే ఏం చేసేదానివో రాసుకున్నావా?"

"ఆఫీసులో పలకలు ఉండవు మామా," అని నవ్వాను.

"కాయితం ఉంటాది గదా."

నేను ఆయన కాళ్ల మీది దుప్పటి సర్దాను.

"రాయలేదు. అయితే నువ్వు కొండయ్యవు." దగ్గు తెర వచ్చి పోయింది. "పూసలు పలక మీదకొచ్చి కొత్త పని చెయ్యలేదు. ఈడ ఏందమ్మా... నీళ్లు అడ్డం, నీళ్లు అడ్డం అని అందరూ తరుముతా ఉంటే, ఈ అమ్మాయి ఆ అడ్డాన్నే ఆసరా చేసుకునింది. రెండూ ఒకటెట్ల అవుతాయి? నా మాట కంఠతా పట్టినావు గానీ, అది ఎందుకన్నానో పట్టలేదు నువ్వు."

"ఇప్పుడు చదివేసినా కదా మామా. చదవనట్టు ఎట్ల ఆలోచించేది?"

"నీ పలక చెడింది. చదవనోళ్లతో రాయించు."

తిరిగి వెళ్లి, ఆ దరఖాస్తు చూడని ముగ్గురు లేజరు నిపుణులకు ఆ రెండు పాత పత్రాలూ, సమస్యా మాత్రమే ఇచ్చాను. ముగ్గురూ రాసి పంపారు. ముగ్గురూ ఊపిరిని ఇంకా బాగా ఎలా ఆరబెట్టాలో రాశారు. వాళ్ల రాతలు చట్టం ముందు సాక్ష్యం కావు. కానీ నన్ను మళ్లీ ఆ పత్రాల దగ్గరకు పంపింది అవే. ఈసారి చదివితే, మొదట నా కళ్లు దాటేసిన వాక్యాలు కనిపించాయి. తేమ జాడ కూడా మిగలకూడదని రెండు పత్రాలూ గట్టిగా చెబుతున్నాయి. ఆమె వెళ్లిన దారి వైపు పోవద్దని చెప్పే పత్రాలనే నేను ఆ దారి చూపించినట్టు రాశాను.

నా పై అధికారి నా కొత్త నివేదిక చదివి కళ్లజోడు తీశాడు. "'నా మొదటి అభ్యంతరం తప్పు' అని మీరే రాసుకుంటారా? ఇంకేదైనా మాట వెతకండమ్మా."

"వెతికాను సార్. తప్పు అనే మాటకంటే చిన్నది దొరకలేదు."

పేటెంటు మంజూరైంది. ఆ వారమే రైలెక్కి మార్కాపురం వెళ్లాను. మామ గొంతు ఇంకా సన్నబడింది. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన అడిగింది వేరు.

"పత్రాలు చదివి ఒప్పుకున్నావా? నేను చెప్పినానని ఒప్పుకున్నావా?"

"పత్రాలు చదివే మామా."

"సరే." కాసేపు గాలి పీల్చుకున్నాడు. "దీనికి ముందు ఐదేళ్లు చేసినావే ఉద్యోగం... వాటిల్లో ఎన్నిటికి ముందు రాసుకున్నావు?"

ఒక్కదానికీ రాసుకోలేదు. ఆ మాటే చెప్పాను. వాటిలో ఎన్ని న్యాయంగా పోయాయో, ఎన్ని నా తొందరకు పోయాయో ఇక తేల్చే దారి లేదు. గడువులు దాటిపోయాయి, మనుషులు వేరే పనుల్లో పడిపోయారు. వాళ్లలో ఆమెలా నాలుగేళ్లు ధారపోసినవాళ్లు ఎందరో నాకు తెలియదు. "ఏం చెయ్యాల మామా?" అని ఏడ్చాను. ఇంకొకరైతే, తెలియక చేశావులే, వదిలెయ్ అనేవారు. నేను వెళ్లింది ఆ మాట కోసమేనేమో కూడా.

ఆయన నా చేయి పట్టుకున్నాడు. రాయి కోసి కోసి మొద్దుబారిన అరచేయి అది. "ఏం చెయ్యలేవు. ఎవరికన్నా చెప్పుకుని దించుకోవాలని చూడమాక. మొయ్యి. బరువున్న చెయ్యి తొందరగా లేవదు."

అది ఆయన నాతో అన్న ఆఖరి పూర్తి వాక్యం. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన ప్రతి దరఖాస్తుకూ సమస్య మాత్రం చదివి, మిగతా కాగితాలు మూసి, నాకు తోచింది రాసుకున్నాకే ముందుకు వెళ్లాను. అయినా ఎవరికో తిరస్కారం రాయవలసి వచ్చినప్పుడు, ఆ మొదటి ఐదేళ్ల మనుషులు, నేను ముఖం చూడని మనుషులు, గదిలో ఎక్కడో కూర్చుని ఉంటారు. వాళ్ల ముందే సంతకం పెడతాను.