నెత్తిన పెట్టిన చెయ్యి

నా డ్రమ్ కర్రల మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. పెట్టనివ్వండి.

ఎనభైల చివర, అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, మా గరాజ్‌లో నేను డ్రమ్స్, నా స్నేహితుడు శాక్సోఫోన్. ఇద్దరికీ పదిహేడేళ్ళు, జాజ్ పిచ్చి. నేను గట్టిగా వాయిస్తే ఇంటి కప్పు మీది మంచు దానంతటదే జారిపడేది. పక్కింటి ముసలాయన తన కప్పు కోసం కూడా ఓ అరగంట వాయించిపెట్టమని అడిగాడు.

ఆ చలికాలంలోనే టీవీలో బెర్లిన్ గోడ పగలగొడుతున్నారు. మా నాన్న యుద్ధ ట్యాంకుల విడిభాగాల ఇంజనీరు. సోఫాలోంచి లేవకుండానే అన్నాడు: "రష్యాతో గొడవ అయిపోయిందిరా. ఇక మా ప్లాంట్ కూడా అయిపోయినట్టే. టెక్సస్ ఇర్వింగ్‌లో ఆఫర్ వచ్చింది, మూవ్ అవుదాం."

"డాడీ, నాకు మ్యూజిక్ స్కూల్ ఆడిషన్ ఉంది."

"ఆ సీటొస్తే అంకుల్ వాళ్ళింట్లో ఉండి చదువుకో. రాకపోతే డ్రమ్స్ అమ్మేసి కారెక్కు."

అంకుల్ అంటే నా స్నేహితుడి నాన్న. డాక్టరు. యుద్ధం ఆగినా జలుబులు ఆగవు కనుక వాళ్ళకి ఏ బెంగా లేదు. డెట్రాయిట్‌లోని ఆ సంగీత పాఠశాలలో ఫీజు లేని సీటు ఒక్కటే, ఆడిషన్ మా ఇద్దరిదీ. అది నాకెంత అవసరమో వాడికి తెలుసు. "నీ సోలో ఎంతసేపైనా తీసుకో, మ్యాన్. నేను వెయిట్ చేస్తా" అన్నాడు.

జాజ్‌లో ఒక సైగ ఉంది. పాట మధ్యలో ఒక్కొక్కరూ తమ వంతు రాగానే తోచింది వాయిస్తారు, అదే సోలో. ఎవరైనా నెత్తిన చెయ్యి పెట్టుకుంటే ఇక చాలని అర్థం. అందరూ అసలు పాటకు తిరిగొచ్చి ముగించాలి.

ఆడిషన్‌లో వాడు తన వంతు కడుపునిండా వాయించాడు. నా వంతు వచ్చింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, వాడు నావైపే చూస్తూ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పాఠశాలవాళ్ళు ఇచ్చిన పియానో ఆయన వెంటనే పాటలోకి తిరిగాడు. సైగ మీరకూడదని మూడేళ్ళుగా గరాజ్‌లో మేమే పెట్టుకున్న నియమం. నేనూ తిరిగాను. సీటు వాడికొచ్చింది.

పార్కింగ్ లాట్‌లో అడిగాను. "ఎందుకు పెట్టావురా చెయ్యి?"

"దురద, మ్యాన్. మమ్మీ ఆయిల్ పెట్టింది, పైన ఉన్ని టోపీ. ఏం చెయ్యను?"

నమ్మాను. ఆంటీ కొబ్బరినూనె ఎంత ఉదారంగా పెడుతుందో నా తలకీ తెలుసు. ఇర్వింగ్ దాకా రెండు రోజుల డ్రైవ్‌లో వెనకసీట్లో కూర్చుని నమ్ముతూనే ఉన్నాను. ఓక్లహోమాలో ఎక్కడో తట్టింది: దురద పెడితే గోక్కుంటారు. వాడు గోక్కోలేదు. అరచెయ్యి పరిచి పెట్టాడు.

పదేళ్ళ తరవాత వాడే ఫోన్ చేశాడు. "దురద కాదురా. నువ్వు నాకన్నా బాగా వాయిస్తావని భయమేసింది. సారీ" అన్నాడు. పర్లేదన్నాను.

ఇక ఒట్టు సంగతి. మంచు జారిందా అని నన్ను అడక్కండి, పక్కింటాయన సాక్షి. నేను కల్పించింది ఆ ఫోన్ ఒక్కటే. నిరుడు ప్లేనోలో ఓ పెళ్ళిలో వాడు కనబడ్డాడు. నలుగురిలో ఆ ఆడిషన్ కథ చెప్పి, "దురద, మ్యాన్" అని నవ్వాడు. ఎలా పెట్టుకున్నాడో బట్టతల మీద అరచెయ్యి పరిచి మరీ చూపించాడు.