కోల్మన్ కోసం పెట్టిన శోకం

డింప్నా మన్నెల్లీ కోపం మేయో తీరంలో ఆ ఊరందరికీ తెలిసిందే. ఇరవయ్యేళ్లు చేపల ఫ్యాక్టరీలో హెర్రింగులు కోసిన మనిషి. గంట కొడితే తప్ప ఆడవాళ్లు బాత్రూముకి వెళ్లకూడదన్న ఫోర్‌మన్ బల్ల మీద పేగుల బకెట్ బోర్లించి, "గంట కొట్టుకో" అని ఇంటికొచ్చేసింది. మర్నాడు వాడే మనిషిని పంపించి మరీ పిలిపించుకున్నాడు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు కోల్మనూ చేసుకోలేదు. అతనికి గొర్రెలు, ఆమెకి ఫ్యాక్టరీ. టీ పలచనైందని ఒకరూ, బూట్లకి బురదని ఒకరూ తిట్టుకుంటూ ఒకే కప్పు కింద ముసలివాళ్లయ్యారు.

ఉపవాసాల లెంటు రోజుల్లో ఆ ఊళ్లో డాన్సులుండవు, పెళ్లిళ్లుండవు. ఉన్నదల్లా చర్చి హాల్లో నాటకం. డింప్నా ప్రతి ఏడూ వేసేది. అమ్మ వేషమో, మంత్రగత్తె వేషమో. కోల్మన్ ముందు వరసలో కూర్చుని, నవ్వకూడని చోటల్లా నవ్వేవాడు. అతను నవ్వితే హాలంతా నవ్వేది. ఇంటికెళ్లే దారి పొడుగునా ఆమె తిట్టేది.

ఆ ఏడు నాటకం దయ్యానిది. చనిపోయిన రైతొకడు ఆత్మల పండుగ సాయంత్రం తన కుర్చీ కోసం ఇంటికి తిరిగొస్తాడు. వాడి తల్లికి తప్ప ఎవరికీ కనబడడు. ఆ తల్లి డింప్నా. ఆడించేది బడి మాస్టారు లీయో హెవరిన్. నలభై దాటని మనిషి, పోటీల పిచ్చి. మూడేళ్లుగా జిల్లా పోటీలో రెండో స్థానమే వస్తోందని తిండి సరిగ్గా తినని రకం.

రెండో అంకంలో బయట చీకట్లోంచి ఒక కేక రావాలి. రిహార్సల్లో దానికోసం హాలు చూసుకునే బార్నీ ఇనప గొట్టం ఊదాడు.

"ఆవు ఈనుతున్నట్టుందిరా బార్నీ," అంది పక్కింటి ఫిలోమినా. ఆమెది నాటకంలో కోడలి వేషం.

మాస్టారు నవ్వలేదు. "డింప్నా, మీ నాయనమ్మ శవాల దగ్గర శోకం పెట్టేదట కదా? నీకూ వచ్చటగా? తెర వెనక నుంచి ఒక్కసారి పెట్టు, చాలు."

"పెట్టను మాస్టారూ."

"ఎందుకని?"

"ఎదురుగా శవం లేకుండా ఆ శోకం పెడితే, ఒక శవాన్ని రమ్మని పిలిచినట్టే. మా నాయనమ్మ పిల్లలు ఆటకి పెడితేనే మూతి మీద కొట్టేది. నాటకం కోసం మాత్రం పెట్టను."

"సరేలే. గొట్టంతోనే కానిద్దాం," అన్నాడాయన.

క్రిస్‌మస్ అయిన కొన్నాళ్లకి కోల్మన్ పోయాడు. గొర్రెలకి గడ్డి వేసి వచ్చి, పొయ్యి పక్కన బూటు విప్పుకుంటూ ఒరిగిపోయాడు. రెండో బూటు కాలికే ఉంది. దాన్ని డింప్నాయే విప్పింది. ఆ రోజు దాని మీద బురద ఉందని ఆమె ఏమీ అనలేదు.

శవాన్ని పడుకోబెట్టి, ఆచారం ప్రకారం గడియారం ఆపి, కిటికీ తెరిచారు. ఊరంతా వచ్చింది. టీలు, హామ్ ముక్కలు, పొగాకు. మాస్టారూ వచ్చాడు. పొయ్యి భగభగ మండుతున్నా కోటు విప్పలేదు. టీ ఇస్తే వద్దన్నాడు. మంచం తలవైపు గోడకానుకుని కదలకుండా నిలబడ్డాడు. ఎంత దుఃఖమో పాపం అనుకుంది డింప్నా.

అప్పుడు పెట్టింది శోకం. ఆమె అనుకుని పెట్టింది కాదు, అదే వచ్చింది. పేరు పెట్టి పిలిచింది. కొండ మీద కుక్క నీకోసం చూస్తోంది లేవరా అంది. నువ్వు నవ్వితే తిట్టాను, ఇంకోసారి నవ్వరా అంది. ముసలివాళ్లు కొందరు తలలొంచుకుని గొంతు కలిపారు. బార్నీ మర్నాడు శవపెట్టె మోశాడు.

నాటకం మానేస్తానంటే, పోటీ దగ్గరికొచ్చింది, ఇప్పుడు ఇంకొకరెక్కడ దొరుకుతారని మాస్టారు బతిమాలాడు. ఇంట్లో ఆ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చోలేక ఒప్పుకుంది.

పోటీ ఆదివారం మధ్యాహ్నం, పట్నంలో. రెండో అంకం. డింప్నా స్టేజీ మీద పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎర్ర బల్బు మీద, వంటచెరకుగా వాడే పీట్ మట్టిగడ్డలు పేర్చిన పొయ్యి. గొట్టం మోగాల్సిన చోట స్పీకర్లలోంచి ఆమె గొంతే వచ్చింది.

కోల్మన్. కొండ మీద కుక్క. ఇంకోసారి నవ్వరా.

అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. కోటు! కోటు లోపల టేపురికార్డరు.

చెప్పాల్సిన మాటలు వదిలేసి ఆమె స్పీకర్ల వైపు తిరిగింది. ఫిలోమినా వచ్చి భుజం పట్టుకుని, కోడలి మాటల్లోకి తల్లి మాటలు కూడా కలుపుకుని చెప్పేసింది. చెవి దగ్గర మాత్రం, "నాకు తెలీదే తల్లీ, ఒట్టు," అంది. డింప్నా లేచి వెళ్లిపోలేదు. ఎంత కోపమొచ్చినా నాటకం మధ్యలో వదిలే అలవాటు ఆమెకి లేదు. తెర పడేదాకా చేసింది.

తర్వాత న్యాయనిర్ణేత స్టేజీ ఎక్కాడు. ఆ పోటీల్లో అది రివాజు. ఆయన నాటకం గురించి అందరి ముందూ మాట్లాడతాడు. ఆడినవాళ్లు తెర వెనక నిలబడి విని ఊరుకోవాలి. ఎవరూ బదులు చెప్పరు.

"ఆ కేక వినగానే ఆ తల్లి మొహం చూశారా?" అన్నాడాయన. "అది నటన కాదు, అంతకన్నా పెద్దది. ఆ శబ్దం ఎవరి ఆలోచనో గానీ వారికి నా వందనం."

పక్కగా నిలబడ్డ హెవరిన్ మాస్టారు తలవంచి ఆ వందనం స్వీకరించాడు.

డింప్నా తెర తోసుకుని ముందుకొచ్చింది. మొహానికి ఇంకా వేషం రంగు ఉంది.

"నటన కాదండీ. మీరు సరిగ్గానే చెప్పారు. ఆ గొంతు నాది. చచ్చింది నా తమ్ముడు. శవం పక్కన నిలబడి ఇతను దొంగిలించుకొచ్చాడు."

ఊరి నుంచి వచ్చినవాళ్లు సగం మంది శిలువ గుర్తు వేసుకున్నారు. ఆ గొంతు వాళ్లు స్పీకర్లలోనే గుర్తుపట్టారు. గుర్తుపట్టి కూడా ఊరుకున్నారు. ఆమెకి అదీ మండింది.

స్టేజీ దిగి సరాసరి బార్నీ దగ్గరికెళ్లింది.

"మాస్టారు నొక్కమన్నాడు, నొక్కాను. అందులో ఏముందో నాకు..."

"కోల్మన్ పెట్టె మోసిన భుజమే కదరా నీది."

బార్నీ టేపు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. "డింప్నా, విను. ముందే చెబితే ఆ మొహం వచ్చేదా? ఈసారి ఫైనల్‌కి మనమే. కోల్మన్ ఉంటే సంతోషించేవాడు."

"కోల్మన్ ఉంటే నవ్వేవాడు. నిన్ను చూసి నవ్వేవాడు." ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఫైనల్‌కి వెళ్లు. గొట్టం ఊదుకో. ఇంకో తల్లిని వెతుక్కో. ఇంకో టేపు ఉందా?"

ఆయన నేల చూశాడు.

"ఉందన్నమాట."

"సాయంత్రం తెచ్చిస్తాను. పెరటి తలుపు దగ్గర..."

"పెరటి తలుపు దగ్గర కాదు. రేపు పగలు, ఊరంతా చూస్తుండగా, ముందు తలుపు నుంచి రా," అంది డింప్నా. "కోటు విప్పి రా."