గోడ మీది ఫార్మసిస్టు

మొదటి ఏడాదంతా మా వీధిలో ఎవరు ఎదురుపడినా ఒకటే అడిగేవారు.

"ఏం చదువుతున్నావమ్మా?"

"బీ ఫార్మసీ అండి."

"అంటే?"

"మందుల చదువండి."

"ఏ మందులు?"

తిరువూరులో ఇది అడగవలసిన ప్రశ్నే. పత్తికి కొట్టేదీ మందే, మామిడి పూతకి కొట్టేదీ మందే, సాయంత్రం సీసాలో దొరికేదీ మందే. ఈ మూడూ కాక నాలుగో మందొకటుందనీ, నేను చదువుతున్నది దాని గురించనీ చెప్పేసరికి నా బస్సు వచ్చేసేది. విన్నాక వాళ్ళ ముఖాల్లో కాస్త జాలి కనిపించేది, డాక్టరు సీటు రాలేదన్నమాట అని. నిజమే. ర్యాంకు నన్ను డాక్టరు గది దాకా తీసుకుపోలేదు. ఆ గది బయట మందులిచ్చే కిటికీ దగ్గర దింపేసి తన దారిన తాను పోయింది.

ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ స్కూల్లో టీచరు. "కిటికీ అయితే ఏమైందే, గాలొస్తుంది" అంది. ఆ గాలి మీద నమ్మకంతో నాలుగేళ్ళు విజయవాడ రోడ్డు మీద బస్సులో నిద్రపోతూ కాలేజీకి వెళ్ళొచ్చాను.

చదువులో నేను ఎంతటిదాన్నో మా ల్యాబుకే తెలుసు. నూనెనీ నీళ్ళనీ బంకపొడి వేసి ఖల్వంలో నూరి ఎమల్షన్ చెయ్యాలి. సరిగ్గా కుదిరితే నూరేటప్పుడు టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. అందరి ఖల్వాలూ పలికేవి, నాది మౌనవ్రతం పట్టేది. కాసేపటికి పాలు విరిగినట్టు విరిగి నూనె పైకి తేలేది. "విరిగింది మేడమ్" అని చెప్పి చెప్పి, ఒకసారి చెయ్యి విరిగి కట్టుతో వెళ్ళినప్పుడు కూడా "విరిగింది మేడమ్" అంటే "మళ్ళీ చెయ్యి" అన్నారు. ఔషధ రసాయన శాస్త్రంలో బెంజీన్ వలయాలు గీసీ గీసీ నేనే ఆ వలలో పడ్డాను. రెండుసార్లు తప్పాను. మందుల చదువు మందమతికెందుకని నన్ను నేనే తిట్టుకున్న రోజులున్నాయి.

మూడో ఏడాదిలో ఒక్క ప్రాక్టికల్ మాత్రం నన్ను మనిషిని చేసింది. రోగికి మందు ఎలా వాడాలో చెప్పడం నేర్పేవారు. ఒకరు రోగిగా కూర్చోవాలి, ఒకరు కౌంటర్ వెనక నిలబడాలి. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్న స్నేహితురాలిది నెమలి అనే పల్లెటూరు. అచ్చం వాళ్ళ నాయనమ్మను దింపేసింది.

"ఈ బిళ్ళ పరగడుపున వేసుకోవాలి మామ్మగారూ" అన్నాను.

"పరగడుపంటే ఎప్పుడే అమ్మాయ్?"

"పొద్దున్నే, ఏమీ తినకముందండి."

"టీ తాగొచ్చా?"

"తాగకూడదండి."

"టీ తాగందే నాకు లేవడమే రాదు గదే! లేవకుండా ఎట్టా వేసుకోను?"

"రాత్రి పక్కన నీళ్ళ గ్లాసు పెట్టుకుని పడుకోండి. కళ్ళు తెరవగానే బిళ్ళ వేసుకోండి. ఓ అరగంట దేవుణ్ణి తలుచుకోండి. తర్వాత మీ కోడల్ని టీ అడగండి, తాగి అప్పుడే లేవండి."

"కోడలు ఇవ్వకపోతే?"

"దానికి మా దగ్గర మందు లేదండి."

క్లాసంతా నవ్వింది. మా మేడమ్ మాత్రం నవ్వలేదు. "నువ్వు కౌంటర్ దగ్గర నిలబడాల్సినదానివమ్మా. కంపెనీలకీ వాటికీ పోకు" అన్నారు. నాలుగేళ్ళలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. దాన్నే పట్టుకుని మిగతా ఏడాదిన్నర ఈదాను. కౌంటర్ వెనక నిలబడాలి. బిళ్ళ చేతికిచ్చి, ఎలా వేసుకోవాలో నాలుగు ముక్కలు చెప్పాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

చివరి పరీక్షలు అయిపోయే రోజుల్లో మా క్లాసులో కొత్త మాటొకటి తిరగడం మొదలైంది. "నువ్వు ఎక్కడ పెట్టావే?" "నేనింకా పెట్టలేదు, మా మావయ్య చూస్తానన్నాడు." బయటివాళ్ళు వింటే పెళ్ళి ముహూర్తం అనుకుంటారు. అది సర్టిఫికెట్ సంగతి. మందుల షాపుకి లైసెన్సు కావాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. షాపు నడిపేవాళ్ళలో చాలామంది ఆ చదువు చదవలేదు. చదివినవాళ్ళకి షాపు పెట్టే స్తోమత లేదు. అందుకని చదివినవాళ్ళు కాగితం ఇస్తారు, షాపువాళ్ళు దాన్ని గోడకి తగిలిస్తారు, మనిషి ఎక్కడున్నా ఎవరూ పట్టించుకోరు. మా వైపు పొలం కౌలుకివ్వడం ఎంత మామూలో ఇదీ అంతే. రెండింటికీ పట్టాయే ఆధారం.

నా రిజిస్ట్రేషన్ వచ్చిన వారంలోనే మా వీధి చివర మందుల షాపాయన ఇంటికొచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. అమ్మమ్మ బతికున్న రోజుల్లో ఆవిడకి ఆయాసం వచ్చినప్పుడల్లా, మధ్యాహ్నం భోజనం మీద నుంచి లేచొచ్చి షట్టరు ఎత్తిన మనిషి.

"టీచరు గారూ, మా షాపులో పేరున్నాయన హైదరాబాద్ వెళ్ళిపోతున్నాడండి. మన అమ్మాయిది పెడితే నా షాపు నిలబడుద్ది" అన్నాడు.

అమ్మ నా వంక చూసింది. నేను ఆలోచించలేదు. షాపులో పేరుంటే షాపులో మనిషీ ఉంటుందనే నాకు అర్థమైంది.

"రేపట్నుంచి వస్తాను బాబాయ్" అన్నాను.

ఆయన నవ్వి, "వద్దువుగానిలే" అన్నాడు. ఆ మాటను నేను రమ్మన్నట్టు విన్నాను. ఆయన వద్దన్నట్టు చెప్పాడని నాలుగు రోజులకి తెలిసింది.

వెళ్ళాను. అక్కడ పని జరిగే తీరు వేరు. వచ్చినవాళ్ళు చీటీ తేరు, నొప్పి తెస్తారు. "జ్వరం సెట్టు ఒకటివ్వండి", "ఒళ్ళు నొప్పుల సెట్టు రెండు పూటలకి" అంటారు. బాబాయ్ నాలుగు రకాల అట్టల్లోంచి కత్తెరతో టకటకా ఒక్కో బిళ్ళ కత్తిరించి, చిన్న కవర్లో వేసి ఇచ్చేస్తాడు. పేరు ఒక ముక్కకి పోతుంది, గడువు తేదీ ఇంకో ముక్కకి పోతుంది. మర్నాడు ఖాళీ ముక్క పట్టుకుని "ఇదే, గులాబీ రంగుది" అని వస్తారు.

రెండో రోజు ఒక రైతుకి నేను మందిచ్చాను. ఐదు రోజులూ పూర్తిగా వాడాలనీ, తగ్గిందని మధ్యలో ఆపకూడదనీ చెప్పాను. ఇంతకుముందు ఏ మందుకైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా అని అడిగాను. ఆయన నన్నూ బాబాయ్‌నీ మార్చి మార్చి చూశాడు.

"ఏంటండీ ఇది, బిళ్ళకొస్తే ఇంటర్వ్యూ చేస్తున్నారు?"

వెనక నిలబడ్డవాళ్ళలో ఇద్దరు ఎదురు షాపుకి వెళ్ళిపోయారు. నాలుగో రోజు సాయంత్రం బాబాయ్ చాలా మెత్తగా చెప్పాడు. "నువ్వు చెప్పేది తప్పని కాదమ్మా. నువ్వు చెప్పేకొద్దీ వీళ్ళు భయపడిపోతున్నారు. అయినా ఇక్కడ ఉక్క, దుమ్ము. చదువుకున్న పిల్లవి, ఇంట్లో హాయిగా ఉండు. నీ పేరుంది చాలు."

అలా నేను ఇంటికొచ్చాను, నా పేరు అక్కడ ఉండిపోయింది.

సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా గోడకి ఉండాలి గదా, నా ఫొటోతో సహా పటం కట్టించాడు. పటాలన్నీ ఒకే గోడకి ఉన్నాయి. వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, వినాయకుడు, పక్కన నేను. ఒకరోజు అమ్మ బీపీ బిళ్ళలకి వెళ్ళి రుసరుసలాడుతూ వచ్చింది.

"నీకు దండేశాడే! అగరొత్తులు కూడా వెలిగించాడు."

"దేవత అనుకున్నాడేమోనమ్మా."

"నోర్ముయ్. బతికున్న పిల్ల ఫొటోకి దండేంటి? అయినా మనం దేవుడికే దండెయ్యం. ఆదివారం చర్చిలో కనబడేవాళ్ళంతా బిళ్ళలు కొనేది అక్కడేనే! నేనేం చెప్పాలి వాళ్ళకి?"

అమ్మ వెనక్కి వెళ్ళి తీయించింది. బాబాయ్ నిజంగానే నొచ్చుకున్నాడట. "అయ్యో టీచరు గారూ, అన్ని పటాలకీ వేసి అమ్మాయికొక్కదానికే మానేస్తే చిన్నబోతుందని వేశానండి" అన్నాడట.

తర్వాత ఏడాదిపైన నేను పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఇంట్లో ఉన్నాను. కూరగాయల దగ్గర ఒకావిడ నన్ను తేరిపార చూసి, "మందుల షాపులో పటం మీదే కదూ?" అంది. అవునన్నాను. "బానే ఉన్నారా అయితే" అని ఊపిరి పీల్చుకుంది. నేను బానే ఉన్నానో లేదో నాకే తెలియని రోజులవి. మెడికల్ కోడింగ్ అని, కంప్యూటర్లో జబ్బులకి నంబర్లు వేసే ఉద్యోగాలకి రమ్మని హైదరాబాద్ నుంచి స్నేహితులు పిలిచేవారు. నంబర్లు టీ తాగొచ్చా అని అడగవు. అందుకే వెళ్ళలేదు. పొద్దున్నే లేవడానికి కారణం కనబడక, లేచిన తర్వాత కూడా మంచం మీదే కూర్చుని ఉండేదాన్ని. నన్ను చూసి అమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది.

అలాంటప్పుడు ఊళ్ళో చిన్న నర్సింగ్ హోమ్ ఒకటి తెరిచారు. నడిపేది ఒక షుగరు డాక్టరుగారు. తన దగ్గర ఫార్మసీలో ఓపిగ్గా మాట్లాడే మనిషి కావాలని ఆవిడ అడుగుతున్నారని తెలిసి వెళ్ళాను. ఆవిడ నా మార్కులు చూడలేదు, అదొక అదృష్టం. బయట బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని చూపించి, "ఆయనకి ఇవాళే ఇన్సులిన్ మొదలుపెట్టాను. ఎలా వాడాలో చెప్పండి, వింటాను" అన్నారు.

ఆయన వినగడప నుంచి వచ్చాడు. సూది ఎక్కడ గుచ్చుకోవాలో చూపించాను. మందు చల్లగా ఉంచాలన్నాను.

"మాకు ఫ్రిజ్జు లేదు తల్లా."

"కుండ ఉందా పెదనాన్నా?"

"కుండకేం, ఉంది."

"పెద్ద మూకుడులో ఇసుక పోసి తడపండి. అందులో చిన్న మట్టి కుండ పెట్టి, మందు కవర్లో చుట్టి కుండలో ఉంచండి. పైన తడిగుడ్డ కప్పండి. ఎండ తగలని మూల చూడండి. ఇసుక ఆరనివ్వకండి."

"ఇది తెలీక సూది మందంటే భయపడి చచ్చాను" అన్నాడాయన. లేచి, మళ్ళీ కూర్చుని, మొదట్నుంచీ ఇంకోసారి చెప్పించుకున్నాడు. డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి విని, "ఒకటో తారీఖు నుంచి రండి" అన్నారు. ఇంటికి నడుస్తుంటే నా కాళ్ళు నాకంటే ముందు పోయాయి.

ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు నర్సింగ్ హోమ్ మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ పేరు ఆల్రెడీ ఒక మెడికల్ షాపులో ఉంది. అక్కడ తీసేస్తే గానీ మా లైసెన్సుకి మీ పేరు పెట్టడానికి కుదరదు."

బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కత్తెర కింద పెట్టేశాడు.

"నిన్ను ఆపాలని కాదమ్మా. నీ పేరు తీసిన మర్నాడు నేను షట్టరు ఎత్తకూడదు. ఇంకొకళ్ళని దొరకనీ, నీది నీకిచ్చేస్తా."

వెతికాడు. ఆ మాట కాదనలేను, నా ముందే ఫోన్లు చేశాడు. ఒకాయనది నందిగామలో పెట్టి ఉంది. ఒకమ్మాయిది వాళ్ళ మావగారి షాపులో ఉంది. ఇంకొకాయన ఫోనెత్తలేదు. నాలాగే అందరూ ఎక్కడో ఒక గోడకి ఉన్నారు. నేను సొంతంగా ఆఫీసుకి రాసి తప్పుకోవచ్చు. రాయాలని కూర్చున్నాను కూడా. రాస్తే, ఇన్నాళ్ళూ షాపులో ఎవరున్నారమ్మా అని అడుగుతారు. నేను లేనని చెబితే నా రిజిస్ట్రేషనుకే ముప్పు. అమ్మ బాబాయ్‌ని గట్టిగా అడిగొస్తానని వెళ్ళి, టీ తాగి వచ్చింది. "వాళ్ళ పెద్దమ్మాయి ఈ ఏడే కాలేజీలో చేరిందట, ఫీజులన్నీ ఆ షాపు మీదేనట" అని మాత్రం చెప్పి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒకటో తారీఖు వచ్చింది. డాక్టరుగారు ఇంకో వారం ఆగారు. ఆ తర్వాత ఇంకో వారం. చివరికి ఆవిడే ఫోన్ చేశారు. "నాకూ లైసెన్సు కావాలి కదమ్మా. విజయవాడ నుంచి ఒకబ్బాయి దొరికాడు. ఏమనుకోకండి." నేను ఏమీ అనుకోలేదు. అనుకునే ఓపిక కూడా అయిపోయింది. ఆ బెంచీ మీద ఇప్పుడు ఎవరో కూర్చుని ఉంటారు, ఎవరో చెబుతూ ఉంటారు అనుకుంటూ, నాలుగు రోజులు జ్వరం లేకుండానే జ్వరపు మనిషిలా పడుకున్నాను.

ఐదో రోజు పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశాడు. గొంతు కంగారుగా ఉంది. "అమ్మా, ఇన్‌స్పెక్టరు గారు ఊళ్ళోకొచ్చారట. ఒక్క గంట వచ్చి కూర్చోవా? తెల్లకోటు ఉంటే వేసుకుని రా."

ల్యాబు కోటు బీరువా అడుగున ఉంది. ఇస్త్రీ చేయడానికి టైము లేదు. వెళ్ళేసరికి కౌంటర్ వెనక స్టూలు వేసి, దాని మీద దుమ్ము తుడుస్తున్నాడు. కూర్చున్నాను. ఒకావిడ పిల్లాడికి దగ్గు మందు అడిగింది. నేను వయసెంతని అడిగేలోపే బాబాయ్ సీసా ఇచ్చి పంపేశాడు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు వచ్చారు. గోడ వంక చూశారు, నా వంక చూశారు.

"ఫార్మసిస్టు మీరేనా?"

"అవునండి" అన్నాను.

నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆయన ఇంకేమీ అడగలేదు. సంతకం పెట్టి, పక్క షాపు వైపు వెళ్ళారు. బాబాయ్ నుదురు తుడుచుకుని టీ తెప్పించాడు.

"గట్టెక్కించావమ్మా. ఇక ఇంటికెళ్ళు, ఎండెక్కుతోంది."

లేచి కోటు విప్పి మడత పెట్టుకున్నాను. నేను మెట్లు దిగేలోపే ఆయన స్టూలు తీసి లోపలికి నెట్టేశాడు. అటూ ఇటూ తిరగడానికి అడ్డంగా ఉందట.