అన్నయ్య నామినేషనూ, ఇంటి ఆడపడుచూ

మా అన్నయ్య ఎమ్మెల్యే. అంటే, ఒకప్పుడు. ఇప్పుడు మాజీ. ఆయన ముందు ఆ మాట ఎవరూ అనరు. ఈమధ్య వెనక అనేవాళ్లు కూడా తగ్గిపోయారు, అసలు ఆయన గురించి మాట్లాడితే కదా. ఐదుసార్లు నిలబడి రెండుసార్లు గెలిచిన మనిషి. పేపర్లవాళ్ల దగ్గర ఉన్న చరిత్ర అంతే. నాకు తెలిసిన చరిత్ర వేరు.

మాది విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో సముద్రపొడ్డు పేట. మావాళ్లంతా వేటకు వెళ్లేవాళ్లే. కొత్త పడవ మొదటిసారి నీళ్లలోకి దిగుతుంటే, లేదా ఇంట్లో ఎవరైనా పెద్ద పని మీద గడప దాటుతుంటే, ఆ ఇంటి ఆడపిల్ల బిందెతో నీళ్లు పట్టుకుని ఎదురు రావాలి. పెళ్లయి పసుపు కుంకుమలతో ఉన్న పిల్లయితే మరీ మంచిది. వెళ్లేవాడు బిందెలో వేళ్లు ముంచి, కళ్లకద్దుకుని బయల్దేరతాడు. చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. సముద్రం మీదకి పోయేవాడికి పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఎన్నికల్లోకి దిగేవాడికి అంతకంటే గట్టిది కావాలి.

అన్నయ్య మొదట్లో బోటు కార్మికుల సంఘంలో తిరిగేవాడు. తుపానుకి వలలు కొట్టుకుపోయినా, వేటకెళ్లినవాళ్లు తిరిగి రాకపోయినా, ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆయనే. తిరగ్గా తిరగ్గా పేరొచ్చింది. పేరొచ్చాక మనిషి ఊరుకుంటాడా? ఇండిపెండెంటుగా ఎమ్మెల్యేకి నిలబడ్డాడు. అప్పుడు నేను గాజువాకలో మా అత్తవారింట్లో బాలింతని, రాలేకపోయాను. అన్నయ్య ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో పేటంతా రకరకాలుగా చెప్పుకుంది గానీ, మా అమ్మకి ఒకటే కారణం కనిపించింది.

"ఇంటాడపిల్ల ఎదురు రాకండా గడప దాటితే ఇలాగే ఉంటాది. సెప్తే ఇన్నావేటి?" అంది కొడుకుతో.

తర్వాతి ఎన్నికకి ఓ పార్టీ టికెట్టిచ్చింది. అన్నయ్య స్వయంగా గాజువాక వచ్చి, మా ఆయన ఎదురుగానే, "సెల్లీ, నువ్వు ఎదురు రాకపోతే నాను నామినేషన్ ఎయ్యను. ఆ తరవాత నీ ఇష్టం" అన్నాడు. మా ఆయన పోర్టులో పనిచేసేవాడు, నెమ్మదైన మనిషి. "బావా, నీకు ఓట్లు కావాలా, మా ఇంటిది కావాలా?" అని నవ్వి, నన్ను పంపించాడు.

ఆ పొద్దున వీధినిండా జీపులు, డప్పులు. నేను పట్టుచీర కట్టుకుని ఇత్తడి బిందెతో వాకిట్లో ఎదురు నడిచాను. బిందెలో వేళ్లు పెడుతుంటే అన్నయ్య చెయ్యి వణికింది. అంత మందిని వెంటేసుకుని తిరిగే మనిషికి అంత భయం ఉందని నాకు అప్పుడే తెలిసింది. గెలిచాడు. మెడలో దండ తీసి అందరిముందూ నా మెడలో వేశాడు. మూడోసారీ నేనే ఎదురెళ్లాను, ఇంకా పెద్ద మెజారిటీతో గెలిచాడు. ఇంక చూడాలి నా వైభోగం! పేటలో ఎవరు కొత్త బోటు దింపినా నాకే కబురు. నా ముఖానికి అంత గిరాకీ ఉంటుందని నాకేం తెలుసు? అద్దంలో చూసుకుంటే మామూలు ముఖమే.

ఎమ్మెల్యేగా ఆయన ఏం చేశాడంటే, చేశాడు. పేటకి మంచినీళ్ల కుళాయిలొచ్చాయి. జెట్టీ కడతానన్నాడు, శంకుస్థాపన రాయి వరకు వచ్చింది. ఆ రాయి ఇప్పటికీ ఉంది, దాని మీద వలలు ఆరేసుకుంటున్నారు. పూర్తిగా వృథా పోలేదన్నమాట.

ఆ రెండో గెలుపు తర్వాత మా ఆయన పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది. అన్నయ్య పనులన్నీ మానుకుని నా దగ్గరే ఉన్నాడు. నాకు పసుపు కుంకుమలు తీసే రోజున ఆ గదిలో ఉండలేక బయటికెళ్లి గోడకి తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఎన్ని జరిగినా ఆ మాట మాత్రం నేను ఎవరిముందైనా చెప్తాను.

నాలుగో ఎన్నిక వచ్చింది. నామినేషన్‌కి ముందురోజే పుట్టింటికి వెళ్లాను, ఎప్పటిలాగే. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. తెల్లారి లేచేసరికి మా వదిన చెల్లెలు తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, బిందె పక్కన కూర్చునుంది. నన్ను చూసి తల దించుకుంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది?

డప్పులు మొదలయ్యాయి. ఎటు వెళ్లాలో తెలీక నడింట్లో నిలబడ్డాను. అక్కడ తలుపు వెనక మా అమ్మ ఉంది. నాన్న పోయినప్పటినుంచీ, కన్నకొడుకు బయల్దేరిన ప్రతిసారీ ఆవిడ చోటు అదే. అమ్మ కొంచెం పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.

మా పేటలో మొగుళ్లు పోయిన ఆడవాళ్లు పొద్దున్నే తలమీద గంపతో వీధి వీధీ తిరిగి చేపలమ్ముతారు. వాళ్ల ముఖం చూడకుండా ఎవరింట్లోనూ కూర ఉడకదు. ఆ ముఖానికి లేని దోషం నామినేషన్ పొద్దునే ఎక్కణ్ణుంచి వచ్చి పడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ కోపంతోనే కాబోలు, తలుపు వెనకనుంచి కిటికీ దగ్గరికి వచ్చాను. అన్నయ్య గేటు దాకా వెళ్లాడు. జీపెక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. సరిగ్గా కిటికీవైపే. ఆ చూపు నన్ను క్షమించమని అడుగుతోందనుకున్నాను. నా కోపమంతా అక్కడే కరిగిపోయింది.

అన్నయ్య ఓడిపోయాడు. ఫలితం తెలిసిన సాయంత్రం అనుచరులంతా వరండాలో కూర్చున్నారు. వాళ్లలో ఒకడు ఉండబట్టలేక అననే అన్నాడు: "బావా, ఆ రోజు నువ్వు ఎనక్కి తిరక్కండా ఉండాల్సింది. కిటికీలో ఆవిడ నిలబడి సూత్తంది మరి."

లోపలున్న నాకు స్పష్టంగా వినిపించింది. వదినకీ వినిపించింది, ఆవిడ గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది. అన్నయ్య టీ తాగుతున్నాడు. వాణ్ణి నోరు మూసుకోమంటాడని చూశాను. టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాడు. ఓడిపోయిన బాధలో ఉన్నాడు, ఆయన మాత్రం ఏమంటాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెల్లెళ్లకి సర్దిచెప్పుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లడం తగ్గించాను. మద్దిలపాలెంలో బస్సు డిపో వెనక మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బోటు దింపుతున్నామని నాకు కబురు పంపేవాళ్లు ఎలాగూ లేరు. అమ్మ కూడా పోయింది. ఎప్పుడైనా మనసు మరీ చెడితే, గేటు దగ్గర అన్నయ్య తిరిగి చూసిన చూపు గుర్తుచేసుకునేదాన్ని. నోటితో చెప్పలేకపోయినా కళ్లతో చెప్పాడు కదా అనుకునేదాన్ని.

మొన్నటి ఎన్నికల్లో పార్టీ ఆయనకి టికెట్టివ్వలేదు, ఎవరో కొత్తాయనకి ఇచ్చింది. వరండాలో కూర్చునే అనుచరులు కూడా ఆ కొత్తాయన వరండాకి మారారు. అన్నయ్య మళ్లీ ఇండిపెండెంటుగా వేస్తానన్నాడు. నామినేషన్‌కి ముందురోజు ఒక్కడే మా మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చాడు.

"రేపు నువ్వు ఎదురు రావాలి సెల్లీ."

"నానేటి అన్నియ్యా? నా ముఖమేటి, ఎదురు రావడమేటి? నలుగురూ ఏటంటారు?"

"ఎవులేటన్నా నాకనవసరం. నువ్వే రావాలి."

ఏడుపు ఆగలేదు. మా అమ్మాయి వద్దంది, మళ్లీ నీ మీదే పడుతుంది అంది. వింటానా? ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లాను. డప్పుల్లేవు. ఒక కారు, దగ్గరివాళ్లు కొందరు. బోసి నుదుటితో, బిందె పట్టుకుని, వాకిట్లో పట్టపగలు అందరూ చూస్తుండగా ఎదురు నడిచాను. అమ్మ ఉండి చూసుంటే బాగుండేది అనిపించింది. అన్నయ్య వేళ్లు ముంచి కళ్లకద్దుకున్నాడు. ఈసారి చెయ్యి వణకలేదు. మనిషికి ధైర్యం వచ్చింది అనుకున్నాను.

డిపాజిట్టు పోయింది. ఈసారి నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎందుకంటారు? ఆయన గెలుస్తాడని ఎవరనుకున్నారు గనక.

కొన్నాళ్లకి చూడ్డానికి వెళ్లాను. వరండాలో వరసగా ఉండే కుర్చీలు తీసేశారు. ఒక్కడే కూర్చునున్నాడు. పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, అడగకుండా ఉండలేకపోయాను.

"అన్నియ్యా, నాలుగో ఎలక్షనప్పుడు గేటుకాడ ఆగి ఎనక్కి తిరిగి సూసావు కదా. నా కోసమేనా?"

"నీ కోసమే" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇంకా పూర్తిచేయలేదు. "ఆ కోపం మీద బయటికి ఒచ్చేత్తావేటోనని బయమేసింది సెల్లీ."

"మరి మొన్న పిలిసావు?" అని మాత్రం అడగగలిగాను.

"మొన్న బయమెందుకు? ఓడిపోతానని తెలుసు కదా."

చాలా మామూలుగా అన్నాడు. నన్ను బాధపెట్టాలని కాదు, ఓడి ఓడి అలిసిపోయిన మనిషి, దాచే ఓపిక లేక అన్నాడు. ఓట్లడిగిన ఇన్నేళ్లలో ఎంతమందికి ఎన్ని చెప్పాడు! వచ్చే ఏడాది జెట్టీ అన్నాడు, ఇంటికో ఉద్యోగం అన్నాడు, ముఖం మీద ఒక్క గీతైనా కదలకుండా అన్నాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆ విద్యంతా ఏమైంది? 'నీ కోసమే' అన్నదగ్గర ఆగిపోయినా నాకు చాలేది.

వదిన బయటికొచ్చి అన్నం తిని వెళ్లమంది. ఆకలి లేదన్నాను. అన్నయ్య గేటుదాకా వచ్చి, "మల్లీ ఎప్పుడొత్తావు?" అని అడిగాడు. తొందర్లోనే వస్తాలే అన్నయ్యా, అన్నాను. ఆయన చెప్పలేని అబద్ధం నేను చెప్పి బస్సెక్కాను.