చేపల అరుగు మీద క్వాంటం పాఠం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో అర్థంకాని సంగతంటూ ఏదీ లేదనీ, చెప్పేవాళ్ళకి ఓపిక లేకపోవడమే అసలు జబ్బనీ. ఆ ఓపిక నా దగ్గర బస్తాలకొద్దీ ఉందని కూడా నమ్మేదాన్ని. తొంభైల మధ్యకాలం. బెజవాడలో వీధికొక కోచింగ్ సెంటరు మొలుస్తోంది. ఎవరింటికి వెళ్ళినా ఇంజనీరింగా, మెడిసినా అనే మాటే. ఉత్త ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన పిల్లని చూస్తే "అయ్యో, సీటు రాలేదామ్మా?" అని పరామర్శించేవారు. అలాంటి ఊళ్ళో నేను క్వాంటం మెకానిక్స్‌ని పాలవాడి దగ్గర్నుంచి ప్రిన్సిపాలుగారి దాకా అందరికీ అర్థమయ్యేలా చెప్పి తీరాలని కంకణం కట్టుకున్నాను. (పాలవాడి మీద నాకు నమ్మకం ఉండేది. ప్రిన్సిపాలుగారి సంగతి ఇప్పటికీ చెప్పలేను.)

ఈ పట్టుదల వెనక లోకకల్యాణమే కాదు, కాస్త స్వార్థం కూడా ఉంది. హైదరాబాదులో పరిశోధనకి నాకు సీటొచ్చింది. నాన్నకి చేపల మార్కెట్లో కమీషన్ కొట్టు. కొల్లేటి వైపు నుంచి తెల్లవారకుండానే లారీల్లో చేప దిగేది. దాన్ని కొట్టు ముందున్న సిమెంటు అరుగు మీద పెట్టి వేలం పాడేవారు. మా వంశంలో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. దాటడమే గాక ఆగకుండా వెళ్ళిపోతున్నానని నాన్నకి బెంగ పట్టుకుంది. బెంజ్ సర్కిల్ దగ్గర కోచింగ్ సెంటరువాళ్ళు ఉద్యోగం ఇస్తామంటుంటే ఈ పరిశోధన ఏమిటని ఆయన గొడవ. చివరికి ఒక షరతు పెట్టాడు. "అడిగినోళ్ళకి నా కూతురు ఫలానాది చదువుతోందని చెప్పుకోవాలా వద్దా? శనివారం పాటయ్యాక కొట్టుకాడికి రా. మా అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పు. చెప్తే హైదరాబాదు. చెప్పలేకపోతే సోమవారం నుంచి కోచింగ్ సెంటరు." నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఇంతకన్నా తేలికైన పరీక్ష నేను రాయలేదనుకున్నాను.

సాధన మొదలుపెట్టాను. ముందు అమ్మ దొరికింది. ఒకే ఎలక్ట్రాను రెండు గుమ్మాల్లోంచీ ఒకేసారి వచ్చినట్టు ప్రవర్తిస్తుందని చెప్తే, పప్పు మెదుపుతూ శ్రద్ధగా విని, "వీధి గుమ్మంలోంచీ పెరటి గుమ్మంలోంచీ ఒకేసారి వచ్చేది మీ అత్తయ్య ఒక్కతేనే" అంది. ఆ తర్వాత గన్నవరంలో ఒక గృహప్రవేశానికి వెళ్ళి తిరిగొస్తూ బస్సులో పక్కసీటు పెద్దాయనకి చెప్పాను. ఆయన బెంజ్ సర్కిల్‌కి టికెట్ తీసుకోవడం నేను నా చెవులారా విన్నాను. అయినా "దిగాలమ్మా" అంటూ ఇంకా ముందే వచ్చే రామవరప్పాడులోనే దిగిపోయారు. మనిషన్నవాడు వెనకడుగు వేసేది ఇలాంటప్పుడే. నేను వేయలేదు. వినేవాళ్ళకి తెలిసిన వస్తువుతో చెప్పాలి, లోపం అక్కడుంది అనుకున్నాను.

మా సబ్జెక్టులో పెట్టెలో పెట్టిన పిల్లి కథ ఒకటుంది. పెట్టెలో పిల్లితో పాటు ఒక విషపు సీసా ఉంటుంది. అది పగలొచ్చు, పగలకపోవచ్చు. మూత తీసి చూసేదాకా ఆ పిల్లి బతికీ ఉన్నట్టే, చచ్చీ ఉన్నట్టే అని ఒక లెక్క. చేపల మార్కెట్లో పిల్లి గురించి మాట్లాడితే తరమడానికి కర్రలు తెస్తారు గనక, పిల్లి బదులు కొరమీనుని ఎంచుకున్నాను. కొరమీనంటే మా వాళ్ళకి ప్రాణం. ఒడ్డున పడేసినా ఒళ్ళు తడిగా ఉంటే గంటల తరబడి బతికే చేప అది. బతికున్నదానికి ఒక ధర, చచ్చినదానికి ఒక ధర. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆ ఫిజిక్సు పెద్దలకి కూడా దొరకలేదని మురిసిపోయాను.

శనివారం చేప తినేవాళ్ళు తక్కువ కాబట్టి పాట తొందరగా తెమిలిపోయింది. నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన, బుట్ట నెత్తిన పెట్టుకుని పటమట వీధులన్నీ తిరిగి చేపలమ్మే అత్తయ్య. అరుగు చివర వేలం పాడే మా బాబాయి. (ఆయన గొంతుకి మార్కెట్లో 'మైకు బాబాయి' అని పేరు.) మర్నాడు చర్చిలో విందుకి అప్పటిదాకా బతికుండే చేప కావాలని వచ్చిన పాస్టరుగారు కూడా ఆగిపోయారు. వాళ్ళ వెనక ఐసు కొట్టేవాళ్ళూ, కొనుగోలుదార్లూ కలిపి మంచి సభే తయారైంది. నేను కొరమీనుని వెదురుబుట్టలో పెట్టి, తడి గోనె కప్పి, మూత వేసి, అందరికీ కనపడాలని తీసుకెళ్ళి అరుగు మధ్యలో పెట్టాను. అక్కడే కొంప మునిగింది. ఆ అరుగుకొక కట్టుబాటుంది. దాని మీద పెట్టిన బుట్ట పాటకి పెట్టినట్టే. అందులో పుట్టి పెరిగినదాన్ని, ఆవేశంలో ఆ సంగతే మర్చిపోయాను.

"ఈ బుట్టలో ఒక కొరమీను ఉంది. మూత తీసేదాకా అది బతికున్నట్టూ కాదు, చచ్చినట్టూ కాదు. సగం సగం" అని గొంతెత్తి మొదలుపెట్టి, కొట్టు గోడకి ధరలు రాయడానికి పెట్టిన నల్లబల్ల వైపు తిరిగి బొమ్మ గీయసాగాను. ఇరవయ్యేళ్ళుగా అరుగు మీద బుట్ట కనపడితే నోరు దానంతటదే తెరుచుకునే బాబాయి, "సగం బతికున్న కొరమీనూ! ఎవరండీ, ఎంతండీ!" అని అందుకున్నాడు. నేను కంగారుగా తిరిగి చూసేసరికి పాస్టరుగారు వేలెత్తారు. ఇంకెవరో పెంచారు, ఆయన ఇంకా పెంచారు. "బాబాయ్, ఇది పాఠం!" అని నేను అరుస్తుండగానే "మూడోసారీ!" అయిపోయింది. మూడోసారి అన్నాక మా మార్కెట్లో మాట వెనక్కి తీసుకోరు. నా ఉదాహరణ పాస్టరుగారికి అమ్ముడుపోయింది.

ఆయన మెల్లగా మూత తీశారు. గోనె తీశారు. బుట్టలో ఏమీ లేదు.

మార్కెట్టు మార్కెట్టంతా నావైపు చూసింది. బతికి ఉండటానికీ, చచ్చి ఉండటానికీ నా దగ్గర జవాబులున్నాయి గానీ, లేకపోవడానికి లేదు. నాన్న ముఖం చూస్తే కోచింగ్ సెంటరు కనపడింది. నేను మాత్రం తగ్గలేదు. "ఇది కూడా మా సబ్జెక్టులో ఉందండీ! గోడ పగలకుండా, గోడ ఎక్కకుండా, ఎలక్ట్రాను గోడకి అవతలివైపు కనపడే అవకాశం కొంచెం ఉంటుంది" అని అందుకున్నాను. అత్తయ్య లేచొచ్చి బుట్టని తిరగేసింది. అడుగు అంచున, పక్కగా, పిడికిలి దూరేంత చిల్లు. అందులోంచి నన్ను చూస్తూ "అవకాశం కొంచెం కాదే, శానా ఉంది" అంది. జనం ఘొల్లుమన్నారు. "చేపకైతే చిల్లు కావాలి గానీ, ఎలక్ట్రానుకి అక్కర్లేదత్తయ్యా!" అని నేను దాదాపు ఏడుపు గొంతుతో అరిచాను. ఈలోగా నాన్న కుర్చీ కింద ఏదో టపటపలాడింది. కొరమీను, నిక్షేపంగా ఉంది.

చేప దొరికినా పాస్టరుగారు కదల్లేదు. ఆయన ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు. "అమ్మా, మూత తీసి మనం చూసేదాకా తేలదన్నావు. దేవుడు మూతలోంచి కూడా చూస్తాడు కదా. మరి ఎప్పుడో తేలిపోవాలి కదా?" అత్తయ్య కూడా పట్టుకుంది. "అవునే. దేవుడి దాకా ఎందుకు? చేప సూడదా తనని తాను? ఎవరు సూత్తే లెక్క?" నేను సుద్దముక్క పట్టుకుని నోరు తెరిచాను. చదివినవన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఒక పుస్తకంలో ఒకటుంది, ఇంకో పుస్తకంలో ఇంకొకటుంది, మా ప్రొఫెసరుగారు మాత్రం ఆ ప్రశ్న అడిగితే "ముందు లెక్క చెయ్యి" అనేవారు. ఇంత పెద్ద సభలో, ఇంత ఓపికా పెట్టుకుని, చివరికి "తెలీదండీ" అన్నాను. "నాకే కాదు, ఎవరికీ సరిగ్గా తెలీదు. పెద్దపెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు." అలా అనగానే అంతా అయిపోయిందని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాన్న కుర్చీలోంచి ముందుకి వంగాడు. "అయితే అది తేల్చడానికేనా హైదరాబాదు ఎళ్తానంటున్నావు?"

"అవును నాన్నా."

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే! నెల రోజుల్నించీ అన్నీ తెలిసినట్టు మాట్లాడతన్నావు. అన్నీ తెలిసిపోయినాక ఇంకా ఏం చదవడానికెళ్తావని కదా నా బాధ!" అని, బాబాయి వైపు తిరిగి "అమ్మాయికి రైలు టికెట్ చూడరా" అన్నాడు.

అలా నాకు సీటు దక్కింది. పాస్టరుగారికి కొరమీనూ దక్కింది. ఆయన ప్రశ్నకి జవాబు మాత్రం నాకు ఇప్పటికీ దక్కలేదు. హైదరాబాదులో ఎన్నేళ్ళు చదివినా, ఆ తర్వాత ఎంతమందికి పాఠాలు చెప్పినా, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా సుద్దముక్క ఆగిపోతుంది. తల నెరిసింది కాబట్టి ఇప్పుడు "తెలీదు" అనడం సులువుగానే వస్తుంది. పిల్లలు కూడా గౌరవంగా రాసుకుంటారు. కానీ ఒక్కోసారి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా లోకమంతటికీ అర్థమైపోతుందన్న ధీమాతో, తడి అరుగు మీద చెప్పులు జారుతున్నా లెక్కచేయకుండా నిలబడి అరిచిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఇవాళ నా క్లాసులోకి వచ్చి అదే పాఠం చెప్తానంటే, ఎన్ని తప్పులున్నా సరే, వెనక బెంచీలో కూర్చుని మొదటినుంచీ వినాలనిపిస్తుంది.