రాని ఓడలకు కాపలా

ఆయన పెద్ద హోటల్లో వంటవాడిగా పేరు తెచ్చుకున్న మనిషి. యుద్ధం మొదలవగానే నౌకాదళంలో చేరాడు. ఏ పెద్ద యుద్ధనౌకలోనో విశాలమైన వంటగది ఇస్తారని ఆశపడితే, తీసుకెళ్లి జలాంతర్గామిలో పడేశారు. అందులో వంటగది అంటే చిన్న కరెంటు పొయ్యి, ఓ బల్ల. అటు తిరిగితే మోచెయ్యి గోడకు కొట్టుకునేది.

శత్రువుల రేవు బయట నీళ్లడుగున పొంచి ఉండటం వాళ్లకు అప్పగించిన పని. రేవులోని యుద్ధనౌకలు బయటికొచ్చి తమ సరుకు ఓడల మీద పడకుండా చూడాలి. కింద ఏ కాస్త చప్పుడైనా పైన తిరిగే గస్తీ పడవలు పసిగడతాయి. గాలి పాడవుతుందని వేపుళ్లు వద్దన్నారు. బ్యాటరీ అయిపోతుందని పొయ్యే వద్దన్నారు. ఓసారి మూత జారి కిందపడితే కెప్టెన్ వచ్చి ఒక చూపు చూసి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన గిన్నెలన్నిటికీ గుడ్డలు చుట్టాడు. చల్లటి డబ్బా మాంసం, ఎండు రొట్టె పెట్టీ పెట్టీ ఆయనకే రోత పుట్టింది. తోటివాళ్లు 'చల్లపొయ్యి' అని పేరు పెట్టారు. పైకి నవ్వేవాడు గానీ లోపల ఒళ్లు మండేది.

రేవులోంచి ఒక్క ఓడా రాలేదు. వీళ్లు ఒక్క టార్పెడో అయినా వదలకుండానే యుద్ధం ముగిసింది.

ఆయన భార్యకు అన్న ఒకడున్నాడు. సరుకు ఓడలకు తోడు వెళ్లే నౌకలో ఫిరంగి దగ్గర పనిచేశాడు. ఆదివారం చెల్లెలింటికి భోజనానికొచ్చి, విమానాన్ని కూల్చిన కథ చెప్పకుండా చెయ్యి కడిగేవాడు కాదు. ఒకసారి అలాగే చెబుతూ, శత్రు నౌకలకు తమ జోలికొచ్చే గుండెల్లేవన్నాడు. వంటవాడు ఉండబట్టలేక, రేవు దగ్గర తాము కాపు కాయబట్టే అవి కదల్లేదన్నాడు.

"మరి మరమ్మతుకని మీరు నెల్లాళ్లు వెనక్కొచ్చేశారుగా బావా? మీ బదులు ఇంకొకళ్లని పంపలేదు కూడా. అప్పుడూ రాలేదే?" అన్నాడు భార్య అన్న.

అందరూ నవ్వారు. వంటవాడూ పైకి నవ్వాడు. ఇన్నాళ్లూ ఆయన్ని లోలోపల తొలిచేస్తున్నదీ ఆ ప్రశ్నే.

జవాబు మంగళవారం హోటల్లో ఉల్లిపాయలు తరుగుతుంటే తట్టింది. ఇంటికొస్తూనే భార్యకు చెప్పాడు. అప్పుడే అనాల్సిందని ఆమె అంది. పోనీ, ఆదివారం అన్నయ్య వస్తాడుగా, అప్పుడు అనండి అంది.

ఆదివారం వడ్డన కాకుండానే అందుకున్నాడు.

"బావా, మేం వెళ్లిపోయామని వాళ్లకేం తెలుసు? ఉన్నామో లేమో తెలియకుండా చెయ్యడమే కదా మా పని."

"ఎవరికి తెలియకుండా?" అన్నాడు బావ.

కిందటి వారం మాట అతనికి గుర్తే లేదు. వంటవాడు మొదట్నుంచీ విడమరచి చెప్పాల్సొచ్చింది. చెబుతుంటే తన చెవికే అది సంజాయిషీలా వినిపించింది. బావ ఓపిగ్గా విని, అదీ నిజమే అయ్యుండొచ్చని తలూపి, విమానం కథ ఎత్తుకున్నాడు.

అతను వెళ్లాక భార్య, "మీరు చెప్పింది నాకు అర్థమైందండీ" అంది.

ఆమెకు మంగళవారమే అర్థమైంది. ఆయన బాధ అది కాదు, అందరూ నవ్విన రోజున ఆ మాట తట్టలేదని.